ఎంతకాలం నిలుస్తుంది? అర్థశాస్త్రం, రిటైర్మెంట్ ఫైనాన్స్, మెటీరియల్స్ కెమిస్ట్రీ పరిశోధనలో తరచుగా అడిగే ప్రశ్నలు

దాచుకున్న డబ్బు ముప్పై ఏళ్లు ఆగుతుందా అని లెక్కవేసేవారికీ, కొత్త బ్యాటరీ పదార్థం వెయ్యి ఛార్జింగులు తట్టుకుంటుందా అని చూసేవారికీ ఎదురయ్యే చిక్కు ఒకటే: కొద్దికాలం చూసి చాలాకాలం గురించి చెప్పాలి. అందుకే ఈ రంగాలవారి సందేహాలు మళ్లీమళ్లీ అవే వస్తుంటాయి. వాటిని పని సాగే క్రమంలో పేర్చాం. ఏ ప్రశ్నకు ఆ జవాబు విడిగా చదువుకోవచ్చు.

## ప్రశ్న తేల్చుకునేటప్పుడు

ఈ మూడు సబ్జెక్టులకీ అసలు పొంతన ఏమిటి? ఒకే ప్రాజెక్టులో ఇముడుతాయా?

ఇముడుతాయి, కానీ ఎక్కడపడితే అక్కడ కాదు. మన్నిక లెక్కలో కలుస్తాయి: బ్యాటరీ సెల్ ఎప్పుడు పాడవుతుంది, మనిషి ఎన్నాళ్లు జీవిస్తాడు అనే రెండు ప్రశ్నలకూ 1958 నాటి కాప్లాన్–మైయర్ పద్ధతే (కాలం గడిచేకొద్దీ ఎంత వాటా మిగిలిందో చూపే లెక్క) పునాది. కాలం విలువ దగ్గర కలుస్తాయి: పాతికేళ్ల పింఛను బాకీనైనా, పాతికేళ్లు పనిచేయాల్సిన సోలార్ ప్యానెల్‌నైనా నేటి విలువలోకి మార్చాల్సిందే. ఉత్పత్తి పెరిగేకొద్దీ ఖర్చు ఎలా తగ్గుతుందన్న అంచనాలో కూడా కలుస్తాయి. ఇంతకు మించి, అణువులు మార్కెట్‌లా ప్రవర్తిస్తాయనే తరహా పోలికల మీద థీసిస్ కట్టకండి. చదవడానికి ముచ్చటగా ఉంటుంది, పేపర్‌ను పరిశీలించే రిఫరీ ముందు నిలవదు.

నాది కెమిస్ట్రీ. ఎకనామిక్స్ పేపర్ చేతికొస్తే ఎక్కడి నుంచి చదవాలి?

ఫలితాల పట్టిక దగ్గరికి ముందే వెళ్లకండి. ఎవరిని ఎవరితో పోల్చారు, వారి మధ్య తేడా ఎలా పుట్టింది అన్నది మొదట వెతకండి. ఆ పోలిక సరైనది కాకపోతే మిగతా నలభై పేజీలు చదవనక్కర్లేదు. తర్వాత సగటులు, పరిశీలనల సంఖ్య ఉన్న మొదటి పట్టిక. ఆ తర్వాత ప్రధాన ఫలితం. అందులో ఫలితం యాదృచ్ఛికం కాదని సూచించే నక్షత్రం గుర్తులను కాకుండా గుణకం (ప్రభావం పరిమాణం) ఎంత, ఏ యూనిట్లలో అన్నది చూడండి. రచయితల పేర్లు చాలావరకు అక్షరక్రమంలో ఉంటాయి కాబట్టి మొదటి పేరుకు కెమిస్ట్రీలో ఉన్న అర్థం ఇక్కడ ఉండదు.

ఎకనామిక్స్ నుంచి కెమిస్ట్రీ వైపు వచ్చేవారికి సలహా ఇంకోలా ఉంటుంది. పేపర్ చిన్నది, అసలు సరుకు సప్లిమెంటరీ ఫైల్‌లో ఉంటుంది: ఎన్ని గ్రాములు, ఎంత వేడి, ఎన్ని గంటలు, పది శాంపిల్స్ చేస్తే ఎన్ని పనిచేశాయి. ఈ చివరి సంఖ్య ఇవ్వని పేపర్‌ను కొంచెం అనుమానంతోనే చదవాలి.

ప్రశ్న మరీ విశాలంగా ఉందని గైడ్ అంటున్నారు. ఎలా కుదించాలి?

ఎవరి మీద లేదా దేని మీద, ఏది మారితే, ఏం కొలుస్తాం, ఎంత కాలానికి అన్నవి ఒకే వాక్యంలో రాయండి. "పింఛను సంస్కరణల ప్రభావం" ప్రశ్న కాదు. "అర్హత వయసు రెండేళ్లు పెంచాక 60–64 ఏళ్లవారిలో పనిలో కొనసాగేవారి వాటా మూడేళ్లలో ఎంత మారింది" అన్నది ప్రశ్న.

## డేటా, శాంపిల్ సమకూర్చుకునేటప్పుడు

రిటైర్ అయినవారి గురించి నమ్మదగిన డేటా ఎక్కడ దొరుకుతుంది?

ఒకే మనుషులను ఏళ్ల తరబడి వెంటాడే సర్వేలే కావాలి. అమెరికాలో మిషిగన్ విశ్వవిద్యాలయం 1992లో మొదలుపెట్టిన హెల్త్ అండ్ రిటైర్మెంట్ స్టడీ, 50 దాటినవారిని రెండేళ్లకోసారి అడుగుతుంది. ఇంగ్లండ్‌లో 2002 నుంచి ఎల్సా (ELSA), యూరప్ దేశాల్లో 2004 నుంచి షేర్ (SHARE) అనే సర్వే, భారత్‌లో 45 దాటినవారి మీద లాసీ (LASI) అదే దారిలో నడుస్తున్నాయి. ప్రశ్నలు చాలావరకు పోలి ఉంటాయి కాబట్టి దేశాల మధ్య పోలిక సాధ్యమే. మరణాల రేట్లకు హ్యూమన్ మోర్టాలిటీ డేటాబేస్ చూడండి.

రెండు ఉచ్చులున్నాయి. 50 ఏళ్లకు సర్వేలో చేరిన మనిషి అప్పటికే 50 ఏళ్లు బతికినవాడు. అంతకుముందే పోయినవారు డేటాలో ఉండరు. కాబట్టి మన్నిక మోడల్‌లో ప్రతి వ్యక్తినీ పుట్టిన రోజు నుంచి కాకుండా సర్వేలో చేరిన వయసు నుంచే మరణించే అవకాశం ఉన్నవారిగా లెక్కించాలి. రెండోది, జబ్బుపడినవారు, ఇల్లు మారినవారు మధ్యలో జారిపోతారు. మిగిలినవారి సగటు ఆరోగ్యం ఏటేటా మెరుగైనట్టు కనిపిస్తే అది వైద్యం గొప్పతనం కాకపోవచ్చు.

పట్టికలో ఆయుర్దాయం 78 అని ఉంది. 65 ఏళ్ల మనిషికి ఇంకా 13 ఏళ్లే వేసుకోవాలా?

వేసుకోకూడదు. 78 అనేది పుట్టినప్పటి సగటు; చిన్న వయసు మరణాలు దాన్ని కిందికి లాగుతాయి. 65 దాకా వచ్చినవారికి 65వ వరుసలో ఉన్న మిగిలిన ఆయుర్దాయమే వాడాలి, అది 13 కంటే ఎక్కువే ఉంటుంది. పైగా సాధారణ పట్టిక ఈ ఏటి మరణాల రేట్లే ఎప్పటికీ ఉంటాయనుకుని చేసినది. రేట్లు తగ్గుతూ పోయే చోట ఒక తరం నిజంగా జీవించే కాలం ఇంకా ఎక్కువ. దానికి తరం వారీ పట్టిక కావాలి.

రిటైర్మెంట్ లెక్కలో సగటు కంటే తోక (అందరికంటే ఎక్కువకాలం జీవించేవారి వైపు) ముఖ్యం. భార్యాభర్తల్లో ఒక్కొక్కరు 95 దాటే అవకాశం 25% అనుకోండి. ఇద్దరి ఆయుష్షుకూ సంబంధం లేదనుకుంటే కనీసం ఒకరైనా దాటే అవకాశం 1 నుంచి 0.75 వర్గం తీసేస్తే దాదాపు 44%. ఇక యాన్యుటీ (ఒకసారి డబ్బు కడితే జీవితాంతం ఆదాయమిచ్చే పథకం) కొనేవారు సగటు జనం కంటే ఎక్కువ కాలం జీవిస్తారు. తమ ఆరోగ్యం మీద నమ్మకం ఉన్నవారే ఎక్కువగా కొంటారు మరి. వారి మీద జనాభా పట్టిక వాడితే యాన్యుటీ ధర అన్యాయంగా ఎక్కువని తప్పుడు ముగింపు వస్తుంది.

టెస్ట్ ముగిసేసరికి పాడవని సెల్స్‌ని లెక్కలోంచి తీసేయొచ్చా?

ఈ రంగాలన్నిటిలో ఎక్కువ నష్టం చేసే పొరపాటు ఇదే. పది సెల్స్‌ని 1000 గంటలు నడిపారు, నాలుగు సగటున 600 గంటలకు పోయాయి, ఆరు ఇంకా నడుస్తున్నాయి. "సగటు ఆయుష్షు 600 గంటలు" అని రాస్తే బాగున్నవాటినే శిక్షించినట్టు. నడిచిన మొత్తం గంటలు 2400 ప్లస్ 6000, అంటే 8400, పాడైనవి 4. పాడయ్యే రేటు కాలంతో మారదనుకుంటే సగటు ఆయుష్షు 2100 గంటలు.

అయితే ఆ "మారదనుకుంటే" అన్న మాటను ఊరికే వదలకండి. అరిగిపోయే వస్తువుకు రేటు పెరుగుతూ పోతుంది, మనుషుల్లోనూ అంతే: వయోజనుల మరణాల రేటు దాదాపు ఎనిమిదేళ్లకోసారి రెట్టింపవుతుంది, 1825లో గాంపర్ట్జ్ గుర్తించిన ఘాతీయ వృద్ధి అదే. అందుకని ముందు కాప్లాన్–మైయర్ రేఖ గీయండి, ఆకారం చూశాకే వీబుల్ (పాడయ్యే రేటు కాలంతో మారనిచ్చే సూత్రం) లాంటి మోడల్ ఎంచుకోండి. నాలుగు వైఫల్యాలతో ఏ మోడలూ గట్టిగా తేలదు. విశ్వాస అంతరం (అసలు విలువ ఉండగల అవధి) తప్పక ఇవ్వండి. పరికరం చెడి ఆగిన సెల్‌ను పాడైనదాని కింద రాయకూడదు, ఆగిన గంట దాకా బాగున్నట్టే నమోదు చేయాలి.

## ల్యాబ్‌లో

ఎక్స్‌ఆర్‌డీ (ఎక్స్‌రేలతో స్ఫటిక నిర్మాణం చూసే పరీక్ష) పీక్స్ అన్నీ రిఫరెన్స్‌తో సరిపోయాయి. శాంపిల్ స్వచ్ఛమని రాసేయనా?

"ఎక్స్‌ఆర్‌డీకి అందినంతలో వేరే స్ఫటిక దశ కనిపించలేదు" అని రాయండి. సాధారణ ల్యాబ్ యంత్రానికి ఒకటి రెండు శాతం మలినం తేలిగ్గా తప్పించుకుంటుంది. స్ఫటికం కాని పదార్థం పీక్ ఇవ్వనే ఇవ్వదు, నేపథ్యంలో ఉబ్బుగా మాత్రమే తెలుస్తుంది. దాని వాటా కావాలంటే తెలిసిన బరువు ప్రామాణిక పదార్థాన్ని కలిపి రీట్‌వెల్డ్ పద్ధతిలో (పీక్స్ ఆకారమంతటికీ లెక్కను సరిపెట్టి) కొలవాలి.

కొద్దిపాటి మలినం ఎంత గోల చేయగలదో 2023లో ఎల్‌కే–99 చూపించింది. గది ఉష్ణోగ్రతలోనే అతివాహకమన్న ఆ పదార్థంలో నిరోధం ఒక్కసారిగా పడిపోవడానికి కారణం, అందులో ఉన్న కాపర్ సల్ఫైడ్ సుమారు 104 డిగ్రీల సెల్సియస్ దగ్గర దశ మారడమేనని తర్వాత తేలింది. మలినం లేకుండా పెంచిన స్ఫటికాలు విద్యుత్‌ను దాదాపు పోనివ్వలేదు. కాబట్టి మీ విచిత్ర ఫలితం ఏ ఉష్ణోగ్రత దగ్గర వస్తోందో చూసి, మీరు వాడిన మూలకాలతో తయారయ్యే ఏ మామూలు సమ్మేళనం అక్కడ దశ మారుతుందో ముందు వెతకండి.

ఇనుము, కోబాల్ట్ ఉన్న శాంపిల్‌కి రాగి ఎక్స్‌రే గొట్టం వాడితే ప్రతిదీప్తి వల్ల నేపథ్యం లేచిపోయి చిన్న పీక్స్ మునిగిపోతాయి. డిటెక్టర్ శక్తి అవధి సరిచేయాలి, కుదరకపోతే గొట్టం మార్చాలి.

షెరర్ సమీకరణంతో (పీక్ వెడల్పు నుంచి పరిమాణం లెక్కించే సూత్రం) క్రిస్టలైట్ (చిన్న ఏకస్ఫటికం) సైజు 0.36 నానోమీటర్లు వచ్చింది. ఎక్కడ తప్పు?

పీక్ వెడల్పును డిగ్రీల్లోనే వదిలేసి ఉంటారు; రేడియన్లలోకి మార్చాలి. ఉదాహరణకు 2 తీటా 30 డిగ్రీలు, సగం ఎత్తు దగ్గర వెడల్పు 0.4 డిగ్రీలు, అంటే 0.00698 రేడియన్లు. స్థిరాంకం 0.9ని రాగి తరంగదైర్ఘ్యం 0.15406 నానోమీటర్లతో గుణించి, దాన్ని 0.00698, కాస్ 15 డిగ్రీల లబ్ధంతో భాగిస్తే 20.6 నానోమీటర్లు. కాస్ లోపల ఉండాల్సింది 30 కాదు, దానిలో సగం.

యంత్రం వల్ల వచ్చే వెడల్పును లాంథనమ్ హెక్సాబోరైడ్ వంటి ప్రామాణికంతో కొలిచి ముందే తీసేయాలి. 100 నానోమీటర్లు దాటాక ఈ పద్ధతి మాట నమ్మకండి. మరో సంగతి, వచ్చేది క్రిస్టలైట్ పరిమాణం. మైక్రోస్కోప్‌లో కనిపించే రేణువులో అలాంటివి ఎన్నో ఉండొచ్చు. రెండూ సరిపోలేదని కంగారు అక్కర్లేదు.

బీఈటీ పద్ధతిలో (పదార్థానికి అంటుకున్న వాయువును బట్టి) ఉపరితల వైశాల్యం కొలిచిన ప్రతిసారీ మారుతోంది. ఎందుకు?

చాలాసార్లు కారణం, డీగ్యాసింగ్ (కొలిచే ముందు రంధ్రాల్లోవి బయటికి లాగేయడం) సరిపోకపోవడమే. రంధ్రాల్లో నీరో ద్రావకమో మిగిలితే వైశాల్యం తగ్గుతుంది. మరీ వేడి చేస్తే నిర్మాణమే కూలుతుంది. వేడి ఎంతవరకు తట్టుకుంటుందో టీజీఏతో (వేడి చేస్తూ బరువు మార్పు చూసే పరీక్ష) చూసి డీగ్యాస్ చేయండి, బరువు డీగ్యాస్ తర్వాతే వేసుకోండి. సూక్ష్మరంధ్రాల పదార్థానికి 0.05–0.30 సాపేక్ష పీడనం అవధి పనికిరాదు, ఇంకా కింద తీసుకోవాలి. బీఈటీ గీత అడ్డగింపు (నిలువు అక్షాన్ని తాకే విలువ) రుణాత్మకంగా వచ్చిందంటే అవధి తప్పు.

కాయిన్ సెల్‌లో 99.9% కూలంబిక్ ఎఫిషియెన్సీ (ఛార్జింగులో ఎక్కించినదానిలో తిరిగి వచ్చే వాటా) వచ్చింది. ఇంకేం కావాలి?

0.999ని వెయ్యిసార్లు గుణిస్తే 0.37. లిథియం పరిమితంగా ఉన్న పూర్తి సెల్‌లో, ఆ నష్టమంతా లిథియం నష్టమే అయితే 223 సైకిళ్లకే కెపాసిటీ 80%కి దిగుతుంది. వెయ్యి సైకిళ్ల తర్వాత 80% మిగలాలంటే సుమారు 99.978% కావాలి. చాలా మామూలు సైక్లర్ల (సెల్‌ను మళ్లీమళ్లీ ఛార్జ్, డిశ్చార్జ్ చేసే యంత్రాల) కచ్చితత్వం ఆ చివరి అంకెల్ని కొలిచేంత ఉండదు. మీకు 99.98 వచ్చినా అది యంత్రం లోపం కావచ్చు.

హాఫ్ సెల్‌లో వందల సైకిళ్లు బాగా నడిచిందంటే సంబరపడకండి. ఎదుటి ఎలక్ట్రోడ్ లిథియం లోహం, అందులో కావలసినంత నిల్వ ఉంది, పోయినదాన్ని అది నింపుతూనే ఉంటుంది. పూర్తి సెల్ చేయండి. చదరపు సెంటీమీటరుకు ఎన్ని మిల్లీగ్రాముల పదార్థం పూశారో, ఎలక్ట్రోలైట్ ఎంత పోశారో, సెల్ ఏ ఉష్ణోగ్రతలో ఉందో రాయండి. పలచటి పూత, పొంగిపొర్లే ఎలక్ట్రోలైట్‌తో ఏ పదార్థమైనా మంచిదిగానే కనిపిస్తుంది.

85 డిగ్రీల దగ్గర వెయ్యి గంటలు ఆగింది. మామూలు వేడిలో 25 ఏళ్లు ఆగుతుందని చెప్పొచ్చా?

సక్రియతా శక్తి (పాడయ్యే చర్య జరగడానికి దాటాల్సిన శక్తి అడ్డు) ఎంతో కొలవకుండా చెప్పకూడదు. ఆర్హీనియస్ సమీకరణం ప్రకారం అది మోల్‌కు 50 కిలోజౌళ్లయితే 85 నుంచి 25 డిగ్రీలకు వచ్చేసరికి ఆయుష్షు సుమారు 29 రెట్లు పెరుగుతుంది, అంటే మూడేళ్ల పైచిలుకు. 80 కిలోజౌళ్లయితే దాదాపు 223 రెట్లు, అంటే 25 ఏళ్లు. ఒక్క సంఖ్య ఊహలోనే మూడేళ్లు పాతికేళ్లయ్యాయి. "పది డిగ్రీలకు రెట్టింపు" అనే వాడుక సూత్రం గది ఉష్ణోగ్రత దగ్గర, 50 కిలోజౌళ్ల చుట్టుపక్కల మాత్రమే ఒప్పు.

కనీసం మూడు ఉష్ణోగ్రతల్లో కొలవండి, రేటు లాగరిథమ్‌ను 1/ఉష్ణోగ్రత (కెల్విన్‌లో)కు ఎదురుగా గీస్తే గీత వంకర లేకుండా వస్తుందో లేదో చూడండి. మధ్యలో దశ మారే పదార్థమైతే గీతకు అర్థమే లేదు: మిథైల్ అమ్మోనియం లెడ్ అయొడైడ్ సుమారు 55 డిగ్రీల దగ్గర నిర్మాణం మార్చుకుంటుంది. పెరోవ్‌స్కైట్ సోలార్ సెల్స్‌కి 2020లో పరిశోధకులు ఒప్పుకున్న ఐఎస్‌ఓఎస్ పరీక్షా విధానాల్లో ఏది పాటించారో పేరుతో సహా రాయాలి. చీకట్లో వేడి తట్టుకోవడం వేరు, వెలుతురులో పనిచేస్తూ తట్టుకోవడం వేరు.

## లెక్కలు కట్టేటప్పుడు

4% రూల్ ఎక్కడిది? ఏ దేశానికైనా వాడొచ్చా?

1994లో ఆర్థిక సలహాదారు విలియం బెంగెన్ ప్రచురించిన లెక్క. 1926 నుంచి అమెరికా షేర్లు, ప్రభుత్వ బాండ్ల రాబడులు తీసుకుని, మొదటి ఏడు నిధిలో 4% తీసి, తర్వాత ఏటా ద్రవ్యోల్బణం మేర పెంచుకుంటూ పోతే చరిత్రలోని అతి చెడ్డ ఆరంభ సంవత్సరంలో కూడా డబ్బు 30 ఏళ్లు ఆగిందని చూపాడు. షేర్ల వాటా 50–75% ఉండాలన్నాడు. 1998లో ట్రినిటీ విశ్వవిద్యాలయ ఆచార్యులు కార్పొరేట్ బాండ్లతో ఇలాంటి పనే చేసి, దాన్ని విజయ శాతాలుగా (ఎంత శాతం కాలాల్లో డబ్బు ఆగిందో) చెప్పారు.

ఇది ప్రకృతి నియమం కాదు, ఒకే దేశపు మంచి శతాబ్దం నుంచి వచ్చిన సంఖ్య. ఫండ్ రుసుములు, పన్నులు అందులో లేవు. 40 ఏళ్ల రిటైర్మెంట్‌కి సరిపోదు. ఒకదానిపై ఒకటి పడే 30 ఏళ్ల కిటికీలు స్వతంత్ర పరిశీలనలు కావు. వందేళ్ల డేటాలో విడివిడిగా నిలిచేవి మూడే. వేరే దేశానికి వాడాలంటే ఆ దేశపు రాబడులు, ద్రవ్యోల్బణంతో లెక్క మొదటినుంచి కట్టాల్సిందే.

సగటు రాబడి ఒకటే అయినా రాబడుల వరుస మారితే తేడా ఎందుకు వస్తోంది?

డబ్బు బయటికి తీస్తున్నారు కాబట్టి. 100 యూనిట్లతో మొదలుపెట్టి, ఏటి మొదట్లో 5 తీయండి. రాబడులు ప్లస్ 30, ప్లస్ 10, మైనస్ 20 శాతం అయితే మూడేళ్లకు 100.28 మిగులుతుంది. తిరగేసి మైనస్ 20తో మొదలైతే 95.03. ఏమీ తీయకపోతే రెండు వరుసల్లోనూ 114.4. పడిపోయిన నిధిలోంచి తీసిన డబ్బు తర్వాతి లాభంలో పాలుపంచుకోదు. అందుకే రాబడుల సగటు, విచలనం మాత్రమే ఇచ్చే పేపర్ రిటైర్మెంట్ ప్రశ్నకు సగం జవాబే ఇచ్చినట్టు.

మాంటే కార్లో (యాదృచ్ఛిక రాబడులతో నిధి భవిష్యత్తును మళ్లీమళ్లీ అనుకరించే పద్ధతి) ఎన్నిసార్లు నడిపితే చాలు?

విజయ శాతం 90 దగ్గర ఉంటే 1,000 పరుగులకు అనిశ్చితి అటూఇటూ 1.9 శాతం పాయింట్లు, 10,000కు 0.6. అక్కడితో ఆపండి. పది లక్షలు నడిపినా తగ్గేది యాదృచ్ఛిక దోషమే. సగటు రాబడిని ఒక శాతం తప్పుగా పెడితే వచ్చే దోషం అలాగే ఉంటుంది, అది చాలా పెద్దది. సగటు, విచలనాలను మార్చి మార్చి నడిపి ఫలితం ఎంత కదిలిందో చూపండి.

ఆటోమేటిక్‌గా పింఛను పథకంలో చేర్చడం వల్లే పొదుపు పెరిగిందని ఎలా చూపాలి?

ముందు "పొదుపు" అంటే ఏదో తేల్చండి. 2001లో మాడ్రియన్, షియా ఒక అమెరికన్ కంపెనీలో చూసినప్పుడు ఆటోమేటిక్ చేరికతో కొత్త ఉద్యోగుల్లో 86% పథకంలో ఉన్నారు. కానీ చాలామంది కంపెనీ పెట్టిన 3% దగ్గరే, తక్కువ రాబడి మనీ మార్కెట్ ఫండ్‌లోనే ఉండిపోయారు. చేరిక పెరగడం ఒకటి, కుటుంబం మొత్తం పొదుపు పెరగడం ఇంకొకటి. అప్పులు పెరిగాయేమో కూడా చూడాలి.

కంపెనీలు వేర్వేరు ఏళ్లలో విధానం మార్చి ఉంటే, మామూలు సంవత్సర, సంస్థ స్థిర ప్రభావాల రిగ్రెషన్ (ప్రతి ఏడాదికీ, ప్రతి సంస్థకూ ఉండే మారని తేడాలను తీసేసే లెక్క) ముందే మారినవాటిని తర్వాత మారినవాటికి పోలికగా వాడేస్తుంది. ప్రభావం కాలంతో మారితే గుర్తు కూడా తారుమారు కావచ్చు. ఇంకా మారనివాటితోనే పోల్చే కాలవే–సాంటానా పద్ధతి వాడండి. ప్రామాణిక దోషాలను (అంచనా ఎంత అటూఇటూ కావచ్చో చెప్పే కొలత) ఉద్యోగి స్థాయిలో కాకుండా నిర్ణయం జరిగిన స్థాయిలో, అంటే కంపెనీల వారీగా గుంపు చేయండి.

మొదటి దశ ఎఫ్ విలువ 10 దాటింది. ఇన్‌స్ట్రుమెంట్ బలమైనదే కదా?

ఇన్‌స్ట్రుమెంట్ అంటే కారణాన్ని మాత్రమే కదిలించే బయటి చరరాశి; అది కారణాన్ని ఎంత బలంగా కదిలిస్తోందో ఎఫ్ చెబుతుంది. 10 పాత బండగుర్తు. ఒకే ఇన్‌స్ట్రుమెంట్ ఉండి, 1.96 హద్దుతో నిజంగా 5% పరీక్ష కావాలంటే ఎఫ్ 104.7 ఉండాలని 2022లో లీ, సహ రచయితలు చూపారు. అంత లేకపోతే, ఇన్‌స్ట్రుమెంట్ బలహీనమైనా చెల్లే ఆండర్సన్–రూబిన్ విశ్వాస అంతరం ఇవ్వండి.

డిస్కౌంట్ రేటు (రాబోయే డబ్బును నేటి విలువలోకి తగ్గించే రేటు) ఎంత పెట్టాలి?

ఇరవై ఏళ్ల తర్వాత ఇవ్వాల్సిన 100 యూనిట్లు, 7% దగ్గర నేటికి 25.8, 3% దగ్గర 55.4. పింఛను నిధి నిండుగా ఉన్నట్టో సగమే ఉన్నట్టో చూపించడానికి ఈ ఒక్క మార్పు చాలు. తప్పక ఇవ్వాల్సిన బాకీకి ఆ బాకీ రిస్క్‌కి తగ్గ రేటే వాడాలి. నిధిని షేర్లలో పెట్టాం, 7% వస్తుందని ఆశిస్తున్నాం అన్నది బాకీని తగ్గించదు. కొత్త పదార్థం ఆర్థిక సాధ్యత లెక్కలో మాత్రం పెట్టుబడి రిస్క్ రేటే వస్తుంది. నిజ విలువల్లో (ద్రవ్యోల్బణం తీసేసి) నగదు ప్రవాహాలు పెట్టి, ద్రవ్యోల్బణం కలిపిన రేటుతో తగ్గించడం తరచూ జరిగే తప్పు.

నా పదార్థం ధర కూడా సోలార్ ప్యానెళ్లలా పడిపోతుందని రాయొచ్చా?

1936లో విమానాల తయారీలో రైట్ గమనించిన సూత్రం ప్రకారం మొత్తం ఉత్పత్తి రెట్టింపైన ప్రతిసారీ ఖర్చు ఒక స్థిర శాతం తగ్గుతుంది. సోలార్ మాడ్యూళ్లలో అది సుమారు 20%. పది రెట్టింపులకు ధర తొమ్మిదో వంతుకు దగ్గరవుతుంది. కానీ పది రెట్టింపులంటే 1,024 రెట్ల ఉత్పత్తి, పదేళ్లు కాదు. ముడి లోహం ధర ఈ సూత్రం వినదు. ఖర్చులో సగం కోబాల్టో ఇరిడియమో అయితే ఆ సగాన్ని విడిగా లెక్కించండి.

## రాసేటప్పుడు, పంపేటప్పుడు

డేటా, కోడ్ ఎంతవరకు ఇవ్వాలి?

ఇంకొకరు ఒక్క ఫైల్ నడిపితే ప్రతి పట్టికా తిరిగి వచ్చేంత. ముడి డేటాను తాకకండి, శుభ్రపరిచే కోడ్ విడిగా ఉంచండి, సాఫ్ట్‌వేర్ వెర్షన్, యాదృచ్ఛిక సంఖ్యల బీజం (సీడ్) రాయండి. ఎక్స్‌ఆర్‌డీకి బొమ్మ చాలదు, అంకెల ఫైల్ ఇవ్వండి.

ప్రభుత్వ అప్పు జీడీపీలో 90% దాటితే వృద్ధి పడిపోతుందన్న రైన్‌హార్ట్, రోగాఫ్‌ల 2010 పేపర్‌ను 2013లో హెర్న్‌డన్, ఆష్, పొలిన్ తిరిగి లెక్కించారు. ఎక్సెల్ సూత్రంలో ఐదు దేశాలు తప్పిపోయాయి. దానికి తోడు కొన్ని ఏళ్ల డేటా వదిలేయడం, దేశాలకు ఇచ్చిన తూకం. మూడూ సరిచేస్తే మైనస్ 0.1% అన్న సగటు వృద్ధి ప్లస్ 2.2% అయింది. అసలు షీట్ చేతికి అందబట్టే ఎక్సెల్ తప్పు బయటపడింది.

ప్రీప్రింట్ (సమీక్షకు ముందే నెట్‌లో ఉంచే పేపర్) పెడితే జర్నల్ తీసుకోదా?

ఎకనామిక్స్‌లో వర్కింగ్ పేపర్ ముందే పెట్టడం ఆనవాయితీ. కెమిస్ట్రీలో కెమ్‌ఆర్‌కైవ్ 2017 నుంచి ఉంది, చాలా జర్నల్స్ ఒప్పుకుంటాయి. పంపే ముందు ఆ జర్నల్ నిబంధన చదవండి. పేటెంట్ ఆలోచన ఉంటే మాత్రం దరఖాస్తు ముందు, ప్రీప్రింట్ తర్వాత.

ఫలితం సున్నా వచ్చింది. పంపడం దండగేనా?

విశ్వాస అంతరం చూడండి. పొదుపు రేటు మీద ప్రభావం 0.1 శాతం పాయింట్, అంతరం మైనస్ 0.3 నుంచి 0.5 అయితే అది గట్టి ఫలితం: పెద్ద ప్రభావం లేదని చెబుతోంది, పంపండి. అదే అంతరం మైనస్ 6 నుంచి 6 అయితే సున్నా అని తేలలేదు, ఏమీ తేలలేదు, శాంపిల్ పెంచాలి. ల్యాబ్‌లోనూ ఇంతే: రెండు సెల్స్ మీద తేడా కనిపించలేదంటే సంకలితం (అదనంగా కలిపిన పదార్థం) పనిచేయదని కాదు. ఒక్కో రకానికి ఎన్ని సెల్స్ కావాలో, పాత బ్యాచ్‌లలో సెల్‌కీ సెల్‌కీ మధ్య ఎంత తేడా ఉండేదో చూసి ప్రయోగానికి ముందే లెక్కవేసుకోండి.